బోర్లపడుట మొదలు పరుగు వరకు: శిశువుల చలన వికాసమును గమనించు విధము

తెలుగునాట శిశువు తొలిసారి బోర్లపడినప్పుడు ఇంటిలో బొబ్బట్లు చేసి ఇరుగుపొరుగు వారికి పంచుట వాడుక. తొలి అడుగులు వేసినప్పుడు అరిసెలు వండుదురు. వానిని వరుసగా పరచి, బిడ్డ చేయి పట్టి వానిమీద నడిపింతురు. ఈ వేడుకలలో ముచ్చటయే గాక ఒక జాగ్రత్త కూడ దాగియున్నది. బిడ్డ ఎప్పుడు ఏమి నేర్చెనో ఇల్లంతయు గమనించి, ఆ దినమును గుర్తుంచుకొనును. ఎన్నో యేండ్ల తరువాత కూడ అమ్మమ్మ "నీవు పదకొండవ నెలలోనే నడిచితివి" అని చెప్పగలుగుటకు ఆ అరిసెలే కారణము.

బాలవైద్యులు తల్లిదండ్రులను కోరునదియు ఇదియే: బిడ్డను గమనింపుడు, గుర్తుంచుకొనుడు. అయితే గమనించినదానిని దేనితో పోల్చవలెనను విషయమున పొరపాట్లు జరుగుచుండును. తరచుగా పోలిక పొరుగింటి బిడ్డతో జరుగును. "వారి పాప పది నెలలకే నడిచినది, మన వానికి ఏడాది నిండినను నడక రాలేదు" అని ఒక ఇంట దిగులు. మరొక ఇంట బిడ్డకు ఏడాదిన్నర దాటినను, "వీని తండ్రియు ఆలస్యముగనే నడిచెను, తొందర యేల" అని నిశ్చింత. మొదటి ఇంటి దిగులు అనవసరము. రెండవ ఇంటి నిశ్చింత అపాయకరము. ఈ రెండింటి నడుమ సరియైన దారి ఏదియో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

స్థూల చలనములనగా నేమి?

మెడ, వెన్ను, తుంటి, కాళ్ళు, భుజములు మొదలగు చోట్లనుండు పెద్ద కండరములతో జరుగు కదలికలను స్థూల చలనములందురు. తల నిలుపుట, బోర్లపడుట, కూర్చుండుట, దోగాడుట, నిలుచుట, నడచుట, పరుగెత్తుట, దుముకుట ఈ కోవకు చెందినవి. వ్రేళ్ళతో గింజను పట్టుకొనుట, బొత్తాములు పెట్టుకొనుట వంటివి సూక్ష్మ చలనములు.

స్థూల చలనములు తలనుండి పాదముల దిశగా వచ్చును. మొదట మెడ నిలుచును. తరువాత వెన్ను గట్టిపడును. ఆ తరువాత తుంటియు, కాళ్ళును శరీరపు బరువును మోయ నేర్చును. దీనికి కండరముల బలమొక్కటియే చాలదు. మెదడునుండి వచ్చు ఆజ్ఞలను మోయు నరముల తంతువులకు కొవ్వుతో కూడిన తొడుగు క్రమముగా ఏర్పడుచుండును. ఆ తొడుగు ఏర్పడిన కొలదియు ఆజ్ఞలు వేగముగను, తడబాటు లేకయు చేరును.

అప్పుడే పుట్టిన శిశువును నిలువుగా పట్టి పాదములను నేలకు తాకించినచో, అడుగులు వేయుచున్నట్లు కాళ్ళు కదల్చును. ఇది నేర్చిన నడక కాదు. పుట్టుకతో వచ్చిన ప్రతిక్రియ. ఇంచుమించు రెండు నెలలలో ఇది కనబడకుండ పోవును. నిజమైన నడక తరువాతి నెలలలో ఒక్కొక్క మెట్టుగా రావలసియున్నది. ఆ మెట్లను గమనించుటవలన నడకను గూర్చియే కాక, బిడ్డ మెదడు, నరములు, ఎముకలు, కండరములు ఎట్లు పెరుగుచున్నవో కూడ తెలియును.

తేది కాదు, అవధి

"బిడ్డ ఏ నెలలో నడువవలెను?" అను ప్రశ్నకు ఒకే నెలను జవాబుగా చెప్పుట సరికాదు. ఆరోగ్యవంతులైన శిశువులలోనే ఎంతో వ్యత్యాసముండును. ఈ వ్యత్యాసము ఎంతవరకు సహజమో నిర్ణయించుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘానా, భారతదేశము, నార్వే, ఒమాన్, అమెరికా దేశములలో 816 మంది శిశువులను పరిశీలింపజేసెను. మన దేశమున ఈ పని దక్షిణ ఢిల్లీలో జరిగినది. శిక్షణ పొందిన కార్యకర్తలు 4వ నెల మొదలు ఏడాది నిండువరకు నెలకొకసారియు, తరువాత రెండు నెలలకొకసారియు ఆ శిశువులను పరీక్షించిరి. ఫలితములు 2006లో ప్రచురింపబడెను.

ఈ పరిశీలనలో ఆరు మెట్లను ఎన్నుకొనిరి. ప్రతి మెట్టును ఎప్పుడు నేర్చినట్లు లెక్కింపవలెనో స్పష్టముగ నిర్వచించిరి. ఆ వివరములు ఇవి:

ఆనిక లేక కూర్చుండుట: తల నిలిపి, చేతులను నేలకు ఆనింపక, కనీసము 10 సెకండ్లు నిటారుగా కూర్చుండవలెను. అవధి 3.8 నెలల నుండి 9.2 నెలలు.

పట్టుకొని నిలుచుట: కదలని వస్తువును రెండు చేతులతో పట్టుకొని, దానిపై వాలిపోక, 10 సెకండ్లు నిలువవలెను. అవధి 4.8 నుండి 11.4 నెలలు.

దోగాడుట: పొట్ట నేలకు తగులకుండ, చేతులమీదను మోకాళ్ళమీదను వరుసగా కనీసము మూడు కదలికలు చేయవలెను. అవధి 5.2 నుండి 13.5 నెలలు.

పట్టుకొని నడచుట: ఆధారమును పట్టుకొని కనీసము 5 అడుగులు ప్రక్కకుగాని ముందునకుగాని వేయవలెను. అవధి 5.9 నుండి 13.7 నెలలు.

ఒంటరిగా నిలుచుట: ఏ ఆధారమును లేక 10 సెకండ్లు నిలువవలెను. అవధి 6.9 నుండి 16.9 నెలలు.

ఒంటరిగా నడచుట: ఏ ఆధారమును లేక కనీసము 5 అడుగులు వేయవలెను. అవధి 8.2 నుండి 17.6 నెలలు.

నూరుమంది ఆరోగ్యవంతులైన శిశువులను వరుసగ నిలిపినచో, మొదటి ఒక్కరిని, చివరి ఒక్కరిని విడిచి, తక్కిన వారందరును ఈ అవధులలో ఇముడుదురు. నడక విషయమున అవధి 9 నెలలకు పైబడి విస్తరించియున్నదని గమనింపవలెను. కనుక 9వ నెలలో నడిచిన బిడ్డయు, 16వ నెలలో నడిచిన బిడ్డయు ఇద్దరును సహజముగ పెరుగుచున్నవారే. ముందు నడిచిన బిడ్డ మిక్కిలి తెలివిగలదనియు, తరువాత నడిచిన బిడ్డ మందబుద్ధియనియు తలచుట తప్పు. ఆడ, మగ శిశువులకు వేర్వేరు పట్టికలు కూడ అవసరము లేదని తేలినది.

ఈ పరిశీలనలో మరొక సంగతియు బయటపడెను. నూటికి 4 మంది శిశువులు చేతులమీదను మోకాళ్ళమీదను దోగాడకయే తరువాతి మెట్లను చేరిరి. కొందరు పిల్లలు పిరుదులమీద జరుగుదురు. కొందరు పొట్టమీద ప్రాకుదురు. కొందరు నేరుగా లేచి నిలుతురు. దోగాడుట లేదన్న ఒక్క కారణమున భయపడనక్కరలేదు.

మన దేశపు కొలబద్దలు

భారతదేశమున శిశువుల వికాసమును కొలుచుటకు మన శాస్త్రజ్ఞులును స్వయముగ కృషి చేసిరి. బరోడాలో ప్రమీలా ఫాటక్ మన శిశువులను పరీక్షించి, వారికి తగిన ప్రమాణములను 1970లో రూపొందించిరి. ఇవి 1997లో సవరింపబడెను. రెండున్నర యేండ్లలోపు బిడ్డలకై ఏర్పడిన ఈ పరీక్షలో చలన వికాసమునకు 67 అంశములును, మానసిక వికాసమునకు 163 అంశములును కలవు. ఇది శిక్షణ పొందిన నిపుణులు తీరికగా చేయవలసిన పరీక్ష.

గ్రామమున ఒక కార్యకర్త ప్రతి బిడ్డకును ఇంతటి పరీక్ష చేయజాలదు. ఈ ఇబ్బందిని గ్రహించి తిరువనంతపురములోని శిశు వికాస కేంద్రమున ఎం. కె. సి. నాయర్ గారును, వారి సహచరులును బరోడా ప్రమాణములనుండి 17 అంశములను ఎన్నుకొని ఒక చిన్న చార్టును తయారుచేసిరి. ఇది 1991లో ప్రచురితమయ్యెను. చార్టు అడుగున నెలలు గుర్తింపబడియుండును. ప్రతి అంశమునకు ఒక అడ్డగీత యుండును. నూటికి ముగ్గురు బిడ్డలు ఆ పని నేర్చు వయస్సున గీత మొదలగును. 97 మంది నేర్చు వయస్సున ముగియును. కార్యకర్త బిడ్డ వయస్సు వద్ద ఒక పెన్సిలును నిలువుగా ఉంచును. పెన్సిలునకు ఎడమవైపుననే ముగిసిపోయిన గీతలను చూచి, ఆ పనులన్నియు బిడ్డ చేయగలదా యని అడుగును. వానిలో ఏ ఒక్కటి చేయలేకున్నను ఆ బిడ్డను వైద్యునివద్దకు పంపవలెను. దీనికి ఒక కాగితము, ఒక పెన్సిలు, కొన్ని నిమిషముల తీరిక చాలును.

అయితే ఇది వడపోత మాత్రమే కాని రోగ నిర్ణయము కాదు. జల్లెడలో నిలిచిన ప్రతి గింజయు రాయి కానట్లే, చార్టులో వెనుకబడిన ప్రతి బిడ్డయు రోగి కాదు. నిదానముగ పరీక్షింపవలసిన బిడ్డ ఎవరో మాత్రమే చార్టు చూపును.

ఒక్కసారి చూచిన చాలదు

బిడ్డను ఒకే పర్యాయము చూచి తీర్పు చెప్పుట పెద్ద పొరపాటు. ఆకలిగానున్న బిడ్డ, నిద్ర చాలని బిడ్డ, జ్వరమునుండి కోలుకొనుచున్న బిడ్డ, కొత్త ముఖమును చూచి బెదిరిన బిడ్డ తనకు వచ్చిన పనిని కూడ చేయదు. అంతకన్న ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. వికాసమనునది ఒక ప్రయాణము. ప్రయాణికుడు ఇప్పుడు ఎచ్చటనున్నాడో తెలిసినంత మాత్రమున అతడు ముందునకు పోవుచున్నాడో, ఆగిపోయెనో, వెనుకకు మరలెనో తెలియదు.

ఉదాహరణమునకు 11 నెలల వయస్సు గల ఇద్దరు శిశువులను ఊహింతము. ఇద్దరును ఆనిక లేక కూర్చుందురు, పట్టుకొని నిలుతురు. ఇద్దరికిని ఒంటరిగా నిలుచుట రాలేదు. ఆ దినమున మాత్రమే చూచినవారికి ఇద్దరును సమానులుగనే కనబడుదురు. కాని మొదటి శిశువు 8వ నెలలో కూర్చుండుట, 10వ నెలలో దోగాడుట, 11వ నెలలో పట్టుకొని నిలుచుట నేర్చినది. రెండవ శిశువు ఈ మూడింటిని 8వ నెలకే నేర్చి, ఆ తరువాత క్రొత్తది ఏదియు నేర్వలేదు. పైగా దోగాడుట తగ్గినదని తల్లి చెప్పుచున్నది. మొదటి బిడ్డ కొంచెము నెమ్మదిగా, కాని సవ్యముగా ముందునకు సాగుచున్నది. రెండవ బిడ్డను వెంటనే వైద్యునకు చూపవలెను. ముందుగా నేర్చెనని తలిదండ్రులు మురిసిన బిడ్డయే నేడు జాగ్రత్తగా చూడవలసిన బిడ్డ యగుచున్నది. ఈ భేదము ఒక్క దినపు పరీక్షలో బయటపడదు; నెలలవారీగ వ్రాసియుంచిన తేదీలలోనే కనబడును.

కావున ఇంటిలో ఒక కాగితమునగాని, మాతా శిశు సంరక్షణ కార్డు నందుగాని, బిడ్డ తొలిసారి తల నిలిపిన తేది, బోర్లపడిన తేది, కూర్చున్న తేది, నిలిచిన తేది, నడిచిన తేది వ్రాయుచుండుడు. ఒక్కమారు అనుకోకుండ జరిగినదానిని లెక్కింపక, తిరిగి తిరిగి చేయుట చూచిన పిమ్మట వ్రాయుడు. బిడ్డ కడుపునిండి, హాయిగా మెలకువతోనున్న వేళ, శుభ్రమైన చాపపై వదలి, అందీ అందని దూరమున ఆటవస్తువును ఉంచి దూరమునుండి గమనింపుడు. బలవంతముగ కూర్చుండబెట్టి పరీక్షింపరాదు. వైద్యునివద్దకు పోవునప్పుడు ఆ కాగితమును వెంట తీసికొనిపోవుడు.

నెలలు నిండక పుట్టిన బిడ్డలు

నెలలు నిండకముందే పుట్టిన శిశువు వయస్సును లెక్కించునప్పుడు, ఎన్ని వారములు ముందుగ పుట్టెనో అన్ని వారములను తగ్గింపవలెను. 40 వారములకు బదులుగ 32 వారములకే పుట్టిన బిడ్డకు నేటికి 10 నెలలు అనుకొందము. 8 వారములు, అనగా ఇంచుమించు 2 నెలలు తగ్గించినచో, వికాసపు లెక్కకు ఆ బిడ్డ వయస్సు 8 నెలలే. ఆ బిడ్డ ఇంకను ఆనిక లేక కూర్చుండకపోయినను అవధి దాటలేదు. రెండేండ్లు నిండువరకు ఈ విధముగ లెక్కించుట ఆచారము. టీకాలకు మాత్రము ఇట్లు తగ్గింపరాదు. పుట్టిన తేదినిబట్టియే వేయింపవలెను. నెలలు నిండక పుట్టిన బిడ్డలలో చలన లోపములు కలుగుటకు అవకాశము హెచ్చు కనుక, వారిని మరింత శ్రద్ధతో, మరింత తరచుగా చూపింపవలెను.

నడక వచ్చిన తరువాత

నడక వచ్చినంతనే గమనించుట మానరాదు. ఏడాదిన్నరకు బిడ్డ పరుగెత్త జూచును. రెండేండ్లకు ఒక్కొక్క మెట్టుపై రెండు పాదములను ఉంచుచు మెట్లెక్కి దిగును. రెండు కాళ్ళతో ఎగురును. మూడేండ్లకు మెట్టునకొక పాదము చొప్పున ఎక్కును. మూడు చక్రముల సైకిలు త్రొక్కును. నాలుగేండ్లకు ఒంటికాలిపై కుంటును. మెట్టునకొక పాదము చొప్పున దిగును. వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడు పిల్లలను గమనించిన తల్లికి, ఒంటికాలిపై నిలుకడను పరీక్షించుటకు వేరొక సాధనము అక్కరలేదు. తోటివారు ఆడుచుండగా ఒక బిడ్డ ప్రతి దినము గట్టుమీద కూర్చుండి చూచుచున్నచో, సిగ్గుచేతనో, కాళ్ళు సహకరింపకనో విచారింపవలెను.

ఆలస్యము చేయరాని గుర్తులు

ఈ క్రింది వానిలో ఏ ఒక్కటి కనబడినను "తానే సర్దుకొనును" అని వేచియుండక వైద్యుని సంప్రదింపవలెను.

4 నెలలు నిండినను మెడ నిలువకపోవుట.
9 నెలలు దాటినను ఆనిక లేక కూర్చుండలేకపోవుట.
12 నెలలు నిండినను పట్టుకొని నిలువలేకపోవుట.
18 నెలలు నిండినను ఒంటరిగా నడువలేకపోవుట.
కాళ్ళు చేతులు మిక్కిలి బిగుసుకొనియుండుట, లేక గుడ్డపేలికవలె వ్రేలాడుట; ఎత్తినప్పుడు కాళ్ళు కత్తెరవలె ఒకదానిపైనొకటి పడుట.
ఏడాది నిండకముందే ఒకే చేతిని వాడుచు, రెండవ ప్రక్కను కదల్పకుండుట.
కుంటుచు గాని, బాతువలె ఊగుచు గాని నడచుట.
నడక వచ్చిన బాలుడు తరచుగా పడిపోవుట, నేలనుండి లేచునప్పుడు తన తొడలపై చేతులూని ఎగబ్రాకుచున్నట్లు లేచుట, పిక్కలు అసహజముగ లావగుట.
ఏ వయస్సుననైనను, ఒకసారి నేర్చిన పనిని మరచిపోవుట.

వీనిలో చివరిది అన్నిటికన్న ముఖ్యము. ఆలస్యముగ నేర్చుటకు సహజ కారణములుండవచ్చును. నేర్చినది పోవుటకు సహజ కారణము లేదు.

ఈ తొందర ఎందుకనగా, ఆలస్యమునకు గల కారణములలో కొన్ని చికిత్సకు లొంగునవి. పుట్టుకతోనే థైరాయిడు గ్రంథి సరిగా పనిచేయని బిడ్డకు తొలి వారములలోనే మందు మొదలిడినచో మెదడు సహజముగ పెరుగును. నెలలు గడచిన కొలదియు నష్టము తీరనిదగును. విటమిన్ డి లోపమువలన ఎముకలు మెత్తబడిన బిడ్డ తగిన చికిత్సతో కోలుకొనును. తుంటి కీలు తొలగియున్న బిడ్డకు మొదటి నెలలలో చేయు చికిత్స సులభము. నడక వచ్చు వయస్సునకు అదియే శస్త్రచికిత్స కావచ్చును. మెదడు దెబ్బతినుటవలన కలుగు చలన లోపము పూర్తిగ నయము కాకున్నను, మెదడు లేతగానున్న తొలి యేండ్లలో మొదలిడిన వ్యాయామ చికిత్సవలన బిడ్డ స్వావలంబన ఎంతయో మెరుగుపడును.

2019 డిసెంబరు సూర్యగ్రహణ సమయమున కర్ణాటకలోని కలబురగి జిల్లాలో అంగవైకల్యముగల పిల్లలను మెడవరకు మంటిలో పాతిపెట్టిన సంఘటనలు పత్రికలకెక్కినవి. ఆ తల్లిదండ్రులకు బిడ్డలపై ప్రేమ లేక కాదు. సరియైన దారి తెలియక. గ్రహణముకొరకు వేచియుండుటవలన పోవునది బిడ్డకు మరల రాని కాలమే.

ఇంటిలో చేయదగినవి, చేయరానివి

శిశువును వెల్లకిల నిద్రపుచ్చవలెను. మెలకువగానున్నప్పుడు, పెద్దలు చూచుచుండగా, బోర్ల పరుండబెట్టవలెను. ఇంకను కదలలేని శిశువు రోజు మొత్తమున విడతలుగ కనీసము 30 నిమిషములు బోర్లనుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. ఒకేచోట కట్టిపెట్టినట్లు గంటకు మించి కూర్చుండబెట్టరాదు. ఎల్లవేళల చంకలోనో ఊయలలోనో ఉంచిన బిడ్డకు కండరములను వాడు అవకాశము తగ్గును.

బిడ్డను లోపల కూర్చుండబెట్టు చక్రముల వాకర్ వలన నడక త్వరగా రాదు. అది మెట్లవద్దను, పొయ్యివద్దను ప్రమాదములకు కారణమగుటచే 2004లో కెనడా దేశము దాని అమ్మకమునే నిషేధించినది. నిలువ నేర్చిన బిడ్డ తానే పట్టుకొని త్రోసికొనిపోవు మన పాతకాలపు మూడు చక్రముల చెక్కబండి వేరు. అందు బిడ్డ తన బరువును తానే మోయును. దానినైనను చదునైన నేలపై, పెద్దల కన్నుల ముందరనే ఆడనీయవలెను.

అందుబాటులోనున్న సహాయము

2018లో ప్రారంభమైన గృహ ఆధారిత శిశు సంరక్షణ కార్యక్రమము క్రింద ఆశ కార్యకర్త బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు ఇంటికి వచ్చుటకు ఏర్పాటు జరిగినది. ఈ వయస్సులు చలన వికాసపు ముఖ్య మెట్లతో సరిపోవుట గమనింపదగినది. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్య బృందములు అంగన్‌వాడీ పిల్లలను ఏటికి రెండుసార్లును, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఏటికొకసారియు పరీక్షింపవలసియున్నది. వికాసమున వెనుకబడిన బిడ్డలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. అచ్చట బాలవైద్యుడు, వ్యాయామ చికిత్సకుడు మొదలగువారి సేవలు ఉచితముగ లభించును.

కార్యకర్త వచ్చినప్పుడు తల్లి సంకోచింపక తాను గమనించిన సంగతులన్నియు చెప్పవలెను. "పాలు త్రాగునప్పుడు ఒక చేయి కదల్చుట లేదు" అను చిన్న మాట కొన్ని సమయములందు పెద్ద పరీక్షలకన్న విలువైనది. రాత్రింబవళ్ళు బిడ్డను కనిపెట్టియుండు తల్లి కన్న మంచి పరిశీలకులు లేరు.

బొబ్బట్లు వండిన నాడును, అరిసెలు పరచిన నాడును ఆ తేదిని కార్డుమీద వ్రాయుట మరువకుడు. పొరుగింటి బిడ్డ తేదితో దానిని పోల్చకుడు. నిన్నటి మన బిడ్డతో నేటి మన బిడ్డను పోల్చుడు. అవధిలోపల ఓర్పు వహింపుడు; అవధి దాటినచో ఒక్క దినమైనను జాగు చేయకుడు.